అడుగున పొడి, లోపల గాలి

పిల్లలూ! ఆవకాయ జాడీలో మూడోనాటికి నూనె పైకి తేలి, పిండి అడుగున చేరడం మీరు చూసే ఉంటారు. అమ్మ తెడ్డును అడుగుదాకా దింపి నిదానంగా కలియబెడుతుంది. ఫ్యాక్టరీల్లోనూ ఆ నిదానమే అవసరం.

విద్యుద్బంధకాలు పోతపోయడానికి ఎపాక్సీ రెజిన్‌లో మెత్తని పలుగురాతి పొడి కలుపుతారు. నిలవ ఉంచితే బరువైన పొడి అడుగుకు దిగుతుంది. దాన్ని గబగబా గిలక్కొడితే ఏమవుతుంది? సుడిలో గాలి దూరి సన్నని బుడగలుగా చీలిపోతుంది. రెజిన్ గట్టిపడ్డాక అవి లోపలే ఉండిపోతాయి. ఎక్కువ వోల్టేజి వద్ద ఆ బుడగల్లో చిన్న చిన్న మెరుపులు పుట్టి, బంధకాన్ని క్రమంగా తినేస్తాయి. చివరకు అది పాడై కరెంటు ఆగిపోవచ్చు.

బుడగలు వాటంతట అవే పైకి రావా? వస్తాయి, కాని ఎంత ఆలస్యంగానో! 1851లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించిన సూత్రం ప్రకారం, బుడగ వ్యాసం సగమైతే పైకి వచ్చే వేగం నాలుగో వంతే. ద్రవం చిక్కబడితే వేగం ఇంకా తగ్గుతుంది.

అందుకే తెడ్డును పూర్తిగా ముంచి, అడుగు పొడిని లేపుతూ మెల్లగా తిప్పాలి. తరువాత పాత్రలోని గాలిని పంపుతో తోడేస్తారు. పీడనం పదో వంతుకు తగ్గితే బుడగ సుమారు పదింతలు ఉబ్బి, త్వరగా పైకొచ్చి పగిలిపోతుంది.

ఒక గ్లాసులో నీళ్ళు, మరో గ్లాసులో తేనె పోసి చెంచాతో గిలక్కొట్టండి. బుడగలు ఎందులో ఎక్కువసేపు నిలిచాయి?