మీ అక్క నోటుపుస్తకాలు

చి. ల. సౌ. చిన్నమ్మడికి పెద్దమ్మ ఆశీర్వచనాలు.

నీ ఉత్తరమూ, సంవత్సరీకానికి వేయిద్దామనుకుంటున్న చిన్నపుస్తకం రాతప్రతీ అందాయి. భాష చక్కగా ఉంది, దానికి వంక పెట్టను. కానీ అన్ని పేజీల్లోనూ వెతికినా మీ అక్క నాకు కనిపించలేదు. అనురాగమూర్తి, సేవాతత్పరురాలు, పరమభక్తురాలు, కళాహృదయ అని రాశావు. పేరొక్కటి మారిస్తే ఆ పేజీలు ఏ ఊళ్ళో ఏ ఇంటి ఆడపడుచుకైనా సరిపోతాయి. దీనికి తోడు ఇంకో మాట చెవిన పడింది. ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ, దాని నోటుపుస్తకాలూ, భజనపాటల కాగితాలూ, ముగ్గుల పుస్తకాలూ పాతపేపర్లతో కలిపి కిలోల లెక్కన తూచేయబోతున్నారనీ. నిజమైతే ముందు దాన్ని ఆపు, అచ్చు సంగతి తర్వాత చూసుకోవచ్చు. కోపంతో అంటున్నాననుకోకు తల్లీ. అది లేని ఇంట్లో ఒక్కదానివే గదులు సర్దుతున్నావు. ఏ వస్తువు ముట్టుకున్నా చెయ్యి ఆగిపోతుందని నాకు తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పోయిన మనిషిని పొగడ్త నిలబెట్టదు. వాళ్ళు రాసిన కాగితం, చేసిన పని, ఆ పని జరిగిన తేదీ నిలబెడతాయి. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే వాళ్ళు చేసిందాంట్లో సగం ఇంటిపనిలో కలిసిపోయి లెక్కకే రాదు. భండారు అచ్చమాంబ సంగతే చూడు. 1874లో కృష్ణాజిల్లా నందిగామ ప్రాంతంలో పుట్టింది. తండ్రి చిన్నతనంలోనే పోయాడు, ఆమెను బడికి పంపినవాళ్ళు లేరు. పెళ్ళయ్యాక మధ్యపరగణాల్లో, భర్త ఉద్యోగం ఉన్నచోట, తనకంటే చిన్నవాడైన తమ్ముడి పక్కన కూచుని చదువు నేర్చుకుంది. ఆ తమ్ముడే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనగానే ఆయన పేరు చెబుతాం. ఆయన చదువుకోవడానికి నీడనిచ్చిన ఇల్లు అక్కదని చెప్పేవాళ్ళు తక్కువ. కన్నపిల్లలు పోయిన దుఃఖంలోనే ఆమె అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది, బందరులో తోటి స్త్రీలతో కలిసి 1902లో స్త్రీల సమాజం పెట్టింది, ఊళ్ళు తిరిగి మాట్లాడింది. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళ వయసుకే, పోయింది. ప్లేగు రోగులకు సేవ చేస్తూ తానూ ఆ రోగానికి బలైందని ఆమె జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఇంతవరకే రాసి ఆపితే సేవ, త్యాగం, అకాలమరణం అనే మూడు ముక్కల్లో ఆమె కూడా నీ రాతప్రతిలోని అక్కలా తయారయ్యేది.

అలా కాకపోవడానికి కారణం ఆమె రాసి పెట్టడమే. అబలా సచ్చరిత్ర రత్నమాల అని స్త్రీల జీవితచరిత్రలు రాసింది. ఆడవాళ్ళు తెలివిలో తక్కువ అనే వాదానికి గట్టిగా కేకలు వేసి కాదు, ఫలానా కాలంలో ఫలానా స్త్రీ ఫలానా పని చేసిందని చరిత్ర చూపించి జవాబు చెప్పింది. రెండో భాగం రాస్తూ ఉండగానే ఆయువు తీరింది. కథలు కూడా రాసింది. ధనత్రయోదశి అనే కథ 1902లో హిందూసుందరి పత్రికలో అచ్చయింది. అయినా దశాబ్దాల పాటు మన పాఠాల్లో తొలి తెలుగు కథ ఏదంటే 1910 నాటి గురజాడ వారి దిద్దుబాటే అన్నారు. ఇప్పుడు అచ్చమాంబదే ముందని కొందరు, కథ లక్షణాలు చూస్తే కాదని కొందరు వాదించుకుంటున్నారు. ఎవరు గెలుస్తారన్నది నాకు ముఖ్యం కాదు. ఆ వాదం జరగడానికి వీలుకలిగింది ఆ పత్రిక పాత సంచిక ఎక్కడో చెదపట్టకుండా మిగిలింది గనక. అంత పేరున్న తమ్ముడుండి, అంత కృషి చేసిన మనిషి కథకే అన్నేళ్ళు దిక్కులేకపోతే, ఊళ్ళో సాయంకాలం బడి నడిపి, శనివారం భజనకి పాట కట్టిన మీ అక్క కాగితాల గతి ఏమిటో ఆలోచించు.

దీనికి ఎదురుగా డొక్కా సీతమ్మ గారిని పెట్టి చూడు. గోదావరి లంకల్లో, గన్నవరంలో, వచ్చినవాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయింది. అక్కడి అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమె ఫోటో తెప్పించుకున్నారన్న కథ తెలియనివాళ్ళు ఆ జిల్లాలో లేరు. పేరుకేం లోటు లేదు. కానీ వరదొచ్చిన ఏడు బియ్యం ఎలా సమకూర్చింది, పొయ్యి దగ్గర ఎవరు సాయపడ్డారు, విసుగొచ్చిన రోజు ఏమనుకుంది, ఆమె మాటల్లో మనకి ఒక్క వాక్యం అందలేదు. అందుకే ఆమెకు దండం పెడతామే గాని ఆమెతో మాట్లాడలేం. తరిగొండ వెంగమాంబ అంతకు చాలా ముందుది, అయినా ఆమెతో మాట్లాడగలం. చిన్నవయసులో భర్త పోతే లోకాచారానికి తలవంచక, తిరుమల చేరి, వేంకటాచల మాహాత్మ్యం, రాజయోగామృతసారం లాంటివి రాసింది, యక్షగానాలు కట్టింది, యాత్రికులకు అన్నదానం చేసింది. ఈనాటికీ ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆమె పేరనే ఇస్తారు. కొండమీద అన్నప్రసాద భవనానికి ఆమె పేరుంది, అది న్యాయమే. అయితే భక్తి, సేవ, రచన అని నువ్వు మూడు అధ్యాయాలుగా విడగొట్టావు చూడు, వెంగమాంబ దగ్గర అలా విడగొట్టడం కుదరదు. పాట ఎవరి కోసం కట్టిందో అన్నం ఆయన పేరనే పెట్టింది. మీ అక్కదీ అదే దారి. భజనలో పోగైన బియ్యంతోనే సాయంకాలం బడి పిల్లలకి ఉప్మా, పులిహోర అయ్యేవి. ఆ పిల్లలకి ఎక్కాలు రావాలని కట్టిన పాటలే దేవుడి పాటల పక్కన అదే నోటుపుస్తకంలో ఉన్నాయి. విడగొట్టి రాస్తే మూడూ చిన్నవైపోతాయి.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. చేసిన సాయం చెప్పుకోకూడదనీ, గుప్తదానానికే ఫలమనీ, అక్కకు అదే నియమమనీ రాశావు. నియమం మంచిదే, కానీ అది ఇచ్చినవాళ్ళకి. చూసినవాళ్ళు నోరు మూసుకోవాలని ఏ పెద్దలూ చెప్పలేదు. పైగా నేను అడుగుతున్నది డప్పు కొట్టమని కాదు. బియ్యం ఎక్కడినుంచి వచ్చాయి, ఏ నెల చాలలేదు, ఎవరింటి వరండాలో బడి నడిచింది, ఎందుకు ఆగింది అని రాయమంటున్నాను. దాన్నిబట్టి రేపు ఇంకో పిల్ల బడి పెట్టగలదు. సేవాతత్పరురాలు అన్న మాటనుబట్టి ఎవరూ ఏమీ పెట్టలేరు. పాటలు గొప్ప సాహిత్యం కాదనీ, పాత వరసల్లో కట్టినవేననీ కూడా అన్నావు. మన మంగళహారతులూ, పెళ్ళిపాటలూ వరసల మీదే బతికాయి. కొత్త బాణీ లేదని వాటిని కొట్టేస్తే ఆడవాళ్ళ పాట అన్నది మిగలదు. గొప్పవో కావో తేల్చే పని నీదీ కాదు, నాదీ కాదు. ధనత్రయోదశి విలువ కట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పానుగా.

ఇక నిన్ను ఎక్కువ బాధపెడుతున్న సంగతి. బిడ్డ పోయిన తర్వాతి పేజీల్లో అది దేవుణ్ణి నిష్ఠూరమాడిందనీ, అవి నలుగురి కంట పడితే దాని భక్తికి మచ్చనీ నీ భయం. ఎంత అమాయకురాలివే! రామదాసు చెరసాలలో కూచుని రాముణ్ణి నిలదీస్తే ఆ కీర్తనలు మనం ఊరూరా పాడుకుంటున్నాం. అడిగే చనువున్న చోటే నిష్ఠూరం ఉంటుంది. ఆ పేజీలు తీసేసి హారతిపాటలు మాత్రమే ఉంచితే దాని భక్తి మీద నువ్వే అబద్ధం రాసినట్టు. అయితే నీ మాటలో ఒక న్యాయముంది, దాన్ని కాదనను. ఎవరికెంత అప్పిచ్చింది, ఏ ఇంట్లో ఏ గొడవ తీర్చింది అన్న పేజీల్లో బతికున్నవాళ్ళ పరువుంది. వాటిని అచ్చుకివ్వకు. చింపొద్దు, కాల్చొద్దు. వేరే కవరులో పెట్టి, ఎన్నేళ్ళ దాకా తెరవకూడదో పైన రాసి ఉంచు. దాచడం వేరు, లేకుండా చెయ్యడం వేరు.

కాగితాల విషయంలో నాకు చాదస్తమని నవ్వుతావు, నవ్వు, కానీ చెప్పినట్టు చెయ్యి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకు, కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారి అక్షరాల్ని కూడా పాడుచేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఆ వేడికి అతుక్కున్న కాగితాన్ని మళ్ళీ విడదియ్యలేం. గుండుసూదులూ క్లిప్పులూ తుప్పుపట్టకముందే తీసెయ్యి. పేజీల నంబర్లు పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిలుతో మూలన వెయ్యి. పుస్తకాల మధ్య దొరికిన రసీదులు, పెళ్ళిపిలుపులు, బస్సు టిక్కెట్లు చెత్త అనుకోకు. తేదీ లేని పాట ఏ ఏటిదో చెప్పేవి అవే. ఏది ఏ పేజీ దగ్గర దొరికిందో రాసుకున్నాకే పక్కకి తియ్యి. అక్క రాతలో తప్పులు దిద్దకు, యాస మార్చకు. నేల తేమ తగిలే చోట పెట్టెలు ఉంచకు, చెదలకు చెక్కా కాగితమూ ఒకటే. ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీసి, అమెరికాలో ఉన్న నీ కొడుక్కి ఒక ప్రతి పంపు. పాటల వరసలు కాగితంలో ఉండవు గనక భజనలో దాని వెనక పాడినవాళ్ళని కూచోబెట్టి పాడించి రికార్డు చెయ్యి. వాళ్ళూ పెద్దవాళ్ళయ్యారు, ఈ పని మాత్రం వాయిదా వెయ్యకు. అసలు ప్రతుల్ని చివరికి ఇంట్లో కాకుండా ఏదైనా మంచి గ్రంథాలయానికి ఇవ్వడం మేలు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పుస్తకాలూ పాత పత్రికలూ కాపాడుతోంది. హైదరాబాదులో లక్ష్మణరావు గారూ మిత్రులూ 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది. ముందు ఉత్తరం రాసి అడుగు, వాళ్ళు తీసుకుంటామంటేనే పంపు.

వేళకి అన్నం తింటున్నావా? సర్దుడు పనిలో పడి బీపీ మాత్ర మానేశావని మీ వదిన చెప్పింది. ఆ పుస్తకం సంవత్సరీకం నాటికే రావాలన్న పట్టుదల ఎందుకు? ఆ రోజు భోజనాలు పెట్టు, బడి పిల్లల్లో దొరికినవాళ్ళని పిలు, అది చాలు. పుస్తకం మరుసటేడు వచ్చినా మీ అక్కేమీ అనుకోదు. నువ్వు రాసిన పొగడ్త ముందుమాటగా ఒక్క పేజీ ఉంచుకో, మిగతాదంతా దాని రాతకి వదిలెయ్యి. అచ్చుకిచ్చే ముందు ప్రూఫులు నాకు పంపు, కళ్ళజోడు మార్పించాను, చూడగలను. ఈలోగా పాతపేపర్ల వాణ్ణి గుమ్మం తొక్కనివ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ