నేల మీద నాలుగు రంగుల చక్రం



మనం వాకిట్లో ముగ్గు వేస్తాం. ఉత్తర అమెరికాలో కొన్ని ఊళ్ల పార్కుల్లో నేల మీద పెద్ద పెద్ద రంగుల చక్రాలు వేస్తారు. జనం వాటి మీద నడుస్తారు. ఆ చక్రాల వెనక ఒక కథ ఉంది. చదువుదాం.

ఎవరి చక్రం?

అమెరికా, కెనడా దేశాలకు తెల్లవాళ్లు రాకముందే అక్కడ ఎన్నో తెగలవాళ్లు ఉన్నారు. వాళ్లే అక్కడి మూలవాసులు. వాళ్ల పెద్దలు రాళ్లు పేర్చి చక్రాలు చేశారు. వాటిని 'మెడిసిన్ వీల్' అంటారు. అంటే ఔషధ చక్రం. ఇక్కడ ఔషధం అంటే మాత్ర కాదు, కషాయం కాదు. మనిషిని బాగుచేసే శక్తి.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో బిగ్‌హార్న్ కొండల మీద అలాంటి చక్రం ఒకటి ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 80 అడుగులు. మధ్యలో రాళ్ల కుప్ప. అక్కడి నుంచి 28 రాళ్ల వరసలు బండిచక్రం ఆకుల్లాగా సాగుతాయి. మూలవాసులు ఇప్పటికీ అక్కడికి వచ్చి ప్రార్థన చేసుకుంటారు.

నాలుగు రంగులు

ఈ రోజుల్లో రంగులతో వేసే చక్రంలో నాలుగు భాగాలు ఉంటాయి. ఎక్కువగా ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులు వేస్తారు. ఇవి నాలుగు దిక్కులకు గుర్తు. నాలుగు కాలాలకు గుర్తు. పసితనం, పడుచుతనం, నడివయసు, ముసలితనం – వీటికీ గుర్తే. ఏ రంగు ఏ దిక్కున ఉండాలి? అది తెగను బట్టి మారుతుంది.

నడిచే దారి

పార్కుల్లో కొందరు ఈ చక్రానికి చుట్టుదారిని కలుపుతారు. చుట్టుదారిని 'లాబిరింత్' అంటారు. ఇందులో దారి ఒక్కటే. తప్పిపోతామన్న భయం లేదు. తిరిగి తిరిగి నడుమకు చేరతాం. అదే దారిన బయటికి వస్తాం. మెల్లగా నడిస్తే మనసు కుదుటపడుతుందని నడిచినవాళ్లు చెబుతారు.

ఫ్రాన్సు దేశంలో షార్త్ర్ అనే ఊరి చర్చిలో ఇలాంటి పాత చుట్టుదారి ఉంది. అమెరికాలోని అరిజోనాలో తొహోనో ఓధమ్ తెగ ఆడవాళ్లు చుట్టుదారి బొమ్మను బుట్టల మీద అల్లుతారు.

ఎలా వేస్తారు?

ముందు నేల ఊడ్చి, కడిగి ఆరబెడతారు. నడుమ మేకు పెట్టి తాడు కడతారు. తాడు చివర సుద్దముక్క పట్టుకుని చుట్టూ తిరిగితే గుండ్రం వస్తుంది. తాడు పొడవు మారుస్తూ ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రాలు గీస్తారు. ఆ తర్వాతే రంగులు.

అడిగి వేయాలి

రంగు డబ్బా పట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. ఆ ప్రాంతపు మూలవాసుల పెద్దలను అడగాలి. ఎందుకు?

కెనడాలో 1895లో ఒక చట్టం మూలవాసుల పూజలను, నాట్యాలను చాలావాటిని నిషేధించింది. ఆ నిషేధం 1951 దాకా పోలేదు. పిల్లలను తల్లుల దగ్గర నుంచి తీసుకుపోయి ప్రత్యేక బడుల్లో పెట్టారు. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల్లో పెరిగారు. సొంత భాష మాట్లాడితే అక్కడ శిక్షలు పడేవి. చదువు మనకు వెలుగు ఇచ్చింది. ఆ బడులు ఆ పిల్లల నోటి మాటనే లాక్కున్నాయి. 2008లో కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పారు.

ఒకప్పుడు దాచుకుని కాపాడుకున్నది ఇప్పుడు పార్కులో అందరి కళ్ల ముందుకు వస్తోంది. మంచిదే. కానీ దాన్ని కాపాడినవాళ్లను పక్కన పెట్టి బొమ్మను మాత్రం తీసుకుంటే అది మళ్లీ లాక్కోవడమే అవుతుంది. పెద్దలు చెప్పిన చోట, చెప్పిన రంగుతో వేస్తే అది గౌరవం. వాళ్లు వద్దంటే మానుకోవడమూ గౌరవమే.

మాట్లాడుకుందాం

1. చక్రంలోని నాలుగు భాగాలు వేటికి గుర్తు?
2. ఆ బడుల వల్ల తల్లులు, పిల్లలు ఏం పోగొట్టుకున్నారు?
3. మన అమ్మమ్మల నుంచి మనకు వచ్చిన పాటలు, పనులు ఏవి? వాటిని ఎవరికి నేర్పుతున్నాం?