కొత్త పుట తిప్పినది ఎవరు?

పోటీ పరీక్షల నిమిత్తమై నంబులపూలకుంట (ఎన్.పి.కుంట) మొదలగు పల్లెలనుండి కదిరికిని, అనంతపురమునకును కోచింగ్‌లకు పోవు యువతీయువకుల సంచులలో, గణితమునకును జనరల్ స్టడీస్‌కును నడుమ నలిగి, ఆంగ్ల జాతీయముల పట్టిక యొకటి తప్పక కనబడును. ఎడమవైపున జాతీయము, కుడివైపున తెలుగర్థము; దానిని వారు ఎక్కములవలె వల్లించుచుందురు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సి.జి.ఎల్. మొదటి దశ పరీక్షలో 60 నిమిషములలో 100 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలసియుండగా, అందు 25 ప్రశ్నలు ఆంగ్లమునకు చెందినవై, ఒక్కొక్క దానికి 2 మార్కులును, తప్పుచేసినచో 0.50 కోతయు నుండుటచేత, వల్లించుటయే లాభసాటి యని వారికి తోచుట సహజము. కాని పట్టిక అర్థమును చెప్పునే గాని, ఆ మాటను ఎవరి పట్ల వాడవలెనో, ఎచ్చట వాడరాదో చెప్పదు. ఇంటర్వ్యూలోను, వ్యాసరచనలోను అభ్యర్థి బోల్తాపడునది సరిగా అచ్చటనే.

మార్పునుగూర్చిన ఆంగ్ల జాతీయములలో మిక్కిలి ప్రచారము గలది ‘టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్’. ఇందలి లీఫ్ చెట్టు ఆకు గాదు, పుస్తకమందలి పుట. గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను ఆకులన్నియు తిరగవేసినను ఈ జాతీయమునకు ఒనగూడునది యేమియు లేదు. గతమున సోమరియో, వ్యసనపరుడో, దుడుకువాడో అయినవాడు తన సంకల్పముచేతనే ఆ నడతను విడిచి మంచిదారి పట్టుట దీని భావము. ఇందు మూడంగములు కలవు: వెనుక ఒక లోపముండవలెను, దానిని విడుచుట స్వయంనిర్ణయమై యుండవలెను, తరువాతి నడత మేలైనదై యుండవలెను. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను వాక్యము వ్యాకరణమున నిలిచినను భావమున కూలును.

ఈ మూడంగములకును దృష్టాంతము మన కదిరి సీమలోనే యున్నది. కటారుపల్లెలో సమాధి గల వేమన, యౌవనమున భోగలాలసుడై, వేశ్యాగృహమున ధనమును దుబారాచేసి, వదినగారి యుక్తిచే కన్నుతెరచి విరాగి యయ్యెనని జనశ్రుతి. చరిత్రకారులు దీనిని ప్రమాణముగా గైకొన్నను గైకొనకున్నను, జాతీయప్రయోగమునకు ఇంతకంటె చక్కని కథ దొరకదు: ‘యాజ్ ద లెజెండ్ గోస్, వేమన టర్న్‌డ్ ఓవర్ ఎ న్యూ లీఫ్ ఆఫ్టర్ ఎ రెక్‌లెస్ యూత్.’ ఈ వాక్యమున ‘యాజ్ ద లెజెండ్ గోస్’ అను నాలుగు మాటలు అలంకారమునకు గాదు, నిజాయితీకొరకు చేర్చినవి. జనశ్రుతిని జనశ్రుతిగా చెప్పువానిని పరీక్షకుడు విశ్వసించును.

వేమన ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. 1817 లో మద్రాసున దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఈస్టిండియా కంపెనీ కొలువునకు దేశభాషాజ్ఞానము ఆవశ్యకమగుటచేత తెలుగు నేర్వనారంభించి, 1820 లో కడపకు ఉద్యోగియై వచ్చి, పిమ్మట వేమన పద్యములను సేకరించి ఆంగ్లానువాదముతో 1829 లో ప్రకటించెను. ఉద్యోగమునకై పరభాషను పట్టిన ఆ దొర, పట్టికలతో తృప్తిపడక, ఈ సీమజనుల నోటనున్న పద్యముల మీదుగా ఆ భాష లోతులకు దిగెను. నేడు ఉద్యోగమునకై ఆంగ్లము నేర్చు మన పిల్లలు తమ యూరి సంగతుల మీదుగా ఆ భాషలోనికి దిగుటకు సంకోచింపనేల?

అట్లు దిగబోవువానికి తొలుత ఎదురగునది నంబులపూలకుంట సోలార్ పార్కే. వానకై ఆకాశమువంక చూచి వేరుశనగ విత్తిన ఈ మెట్టనేలపై 1,500 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమునకు ప్రణాళిక సిద్ధమై, అందు ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల భాగము 2016 లో ఉత్పత్తికి వచ్చెను. దీనినిగూర్చి వ్రాయుమన్నచో పలువురు ‘అవర్ మండల్ హాజ్ టర్న్‌డ్ ఓవర్ ఎ న్యూ లీఫ్’ అని వ్రాయుదురు. వ్యాకరణమున దోషము లేదు; దోషమంతయు భావమునందే. మండలము అంతకు మునుపు ఏ దుర్వ్యసనమునకు లోనైనది? వానలు కురియకపోవుట రైతుల నడత లోపమా? బయటినుండి వచ్చిన కార్యముచే ఒక ప్రదేశము పూర్తిగా రూపుమారినపుడు చెప్పవలసినది ‘సీ చేంజ్’. షేక్‌స్పియర్ ‘ద టెంపెస్ట్’ నాటకమందలి ఒక పాటనుండి వెలువడిన ఈ మాట, సముద్రము కనుచూపుమేరలో లేని మన సీమకు సరిగా అతుకుట ఒక వినోదము. ‘ద సోలార్ పార్క్ హాజ్ బ్రాట్ అబౌట్ ఎ సీ చేంజ్ ఇన్ ద లాండ్‌స్కేప్ ఆఫ్ ఎన్.పి.కుంట’ అనుట ఒప్పు. పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2017 లో ఒప్పందము కుదిరి 2019 లో కార్ల ఉత్పత్తి నారంభించిన, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యముతో నిర్మితమైన కియా కర్మాగారమునుగూర్చియు ఇదే మాట చెల్లును: ‘ద ఏరియా అరౌండ్ పెనుకొండ హాజ్ అండర్‌గాన్ ఎ సీ చేంజ్ సిన్స్ 2019.’ ‘సీ చేంజ్’ ముందు ‘బ్రింగ్ అబౌట్’ గాని ‘అండర్‌గో’ గాని, వెనుక ‘ఇన్’ గాని సామాన్యముగా వచ్చునని గమనింపుడు.

ఇక అసలు ప్రమాదము. ‘మా సంస్థలో ఏల చేరగోరుచున్నావు?’ అని ఇంటర్వ్యూలో అడిగినపుడు, ‘ఐ వాంట్ టు టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్ బై జాయినింగ్ యువర్ కంపెనీ’ అని గంభీరముగా పలికిన అభ్యర్థి, కొత్త జీవితము ప్రారంభింతునని చెప్పితిననుకొనును. బల్లకు ఆవలివైపున కూర్చున్నవానికి వినబడునది వేరు: ‘ఇంతకు మునుపు ఏ నిర్వాకము చేసి వచ్చితివి నాయనా?’ అను ప్రశ్న అతని మనస్సున మొలచును. ఉద్యోగము మారుటను, ఊరు మారుటను, చదువు ముగించి కొలువున చేరుటను చెప్పుటకు ఈ జాతీయము పనికిరాదు. ‘ఎ ఫ్రెష్ స్టార్ట్’ అన్న సరిపోవును. అయితే మీ సర్టిఫికెట్లలో నిజముగనే ఒక మచ్చ కనబడుచు, వారు దానిపై వ్రేలుపెట్టి అడిగినపుడు మాత్రము ఇదే జాతీయము ఎంతయు నక్కరకు వచ్చును. మొదటి సంవత్సరమున నాలుగు సబ్జెక్టులు తప్పిన డిప్లొమా విద్యార్థి ఇట్లు చెప్పవచ్చును: ‘ఐ డిడ్ నాట్ టేక్ మై ఫస్ట్ ఇయర్ సీరియస్‌లీ. ఐ టర్న్‌డ్ ఓవర్ ఎ న్యూ లీఫ్ ఇన్ ద సెకండ్ ఇయర్ అండ్ క్లియర్‌డ్ ఆల్ ఫోర్ బ్యాక్‌లాగ్స్ బై మార్చ్.’ ఇందు లోపమును ఒప్పుకొనుట యున్నది, నిర్ణయమున్నది, ఆ నిర్ణయమునకు సాక్ష్యముగా నాలుగు సబ్జెక్టులును వచ్చినవి. ఆ కడపటి ముక్కయే లేకున్నచో జాతీయము వట్టి ప్రగల్భము.

రూపమునుగూర్చి కొద్దిమాటలు చాలును. ‘ఓవర్’ను విడిచి ‘టర్న్‌డ్ ఎ న్యూ లీఫ్’ అనుట మనవారిలో మిక్కిలి సాధారణమైన పొరపాటు; పరీక్షలో దోషము గుర్తింపుమని యిచ్చుటకు అనువైనది గూడ అదియే. ‘ఎ’ను ‘ద’గా మార్చరాదు. కర్త బహువచనమైనను ‘లీఫ్’ ఏకవచనమే: ‘ద బ్రదర్స్ హావ్ టర్న్‌డ్ ఓవర్ ఎ న్యూ లీఫ్.’ అధికారలేఖలలో ఈ మాట కూడదు. తహసీల్దారునకు వ్రాయు అర్జీలో జాతీయములకు చోటులేదు. వ్యాసమున ఒకమారు వాడిన చాలును, రెండవమారు వాడినచో కంఠస్థము చేసినట్లు బయటపడును.

కావున ఇది చదివిన వారు పట్టికలో వేయి జాతీయములు మిగిలియున్నవని దిగులుపడక, నేటి రాత్రి ‘న్యూ లీఫ్’, ‘సీ చేంజ్’ అను ఈ రెంటిని మాత్రము గైకొని, ఒక్కొక్కదానితో మూడేసి వాక్యములు వ్రాయుడు. ప్రతి వాక్యమునందును మీ యూరి మనిషియో, చేనో, కర్మాగారమో ఉండవలెను. వ్రాసిన పిదప ‘ఇందు మారినది ఎవరు, ఎవరి సంకల్పముచే మారిరి’ అని మిమ్ము మీరే ప్రశ్నించుకొని, మరునాడు ఆ కాగితమును మీ ఆంగ్లోపాధ్యాయునకు చూపుడు.