తెల్లకణములలోని సూదులు

మన రక్తమునందలి తెల్లకణములు రోగక్రిములను ఎదుర్కొను కావలివారు. వీనిలో కొన్నిటియందు క్రిములను చంపు మాంసకృత్తులు సన్నని రేణువులుగా నిలువయుండును. ఎముకల మూలుగలో ఈ కణములు పక్వము చెందకయే మితిమీరి పెరిగినచో అది రక్తపు క్యాన్సరగును. దానిలో ఒక రకమునందు ఆ రేణువులు ఒకదానితో నొకటి కలిసి, గట్టిపడి, సూదులవలె ఏర్పడును. రక్తపుచుక్కను గాజుపలకపై పరచి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచిన నవి ఎఱ్ఱగా కనబడును. 1906లో అమెరికా వైద్యుడు జాన్ ఆయర్ వీనిని వర్ణించినందున 'ఆయర్ కడ్డీలు' అను పేరు వచ్చినది. ఆరోగ్యవంతుల రక్తములో ఇవి కానరావు.

ఒకే కణములో ఇవి కట్టెలమోపువలె గుమిగూడియున్నచో వైద్యులు తక్షణమే జాగరూకులగుదురు. ఆ జబ్బులో రక్తము గడ్డకట్టు శక్తి చెడును. కొలది దినములలోనే మెదడులో రక్తస్రావమై ప్రాణము పోవచ్చును. అయినను దీనికి మంచి చికిత్స కలదు. ఏ విటమినుకు సంబంధించిన ట్రెటినాయిన్ అను మందు ఫలితములను 1988లో షాంఘై వైద్యులు ప్రకటించిరి. దానితోపాటు ఆర్సెనిక్ ట్రయాక్సైడును నేడు వాడుచున్నారు. ఇది పాషాణమే గనుక ఆసుపత్రి వెలుపల ముట్టరాదు. సకాలములో చికిత్స పొందినవారిలో పెక్కుమంది పూర్తిగా కోలుకొనుచున్నారు.

కావున పంచాయతీ సభ్యులు గమనింపవలెను. చిగుళ్ల నుండి నెత్తురు కారుట, దెబ్బ తగులకయే ఒంటిపై కమిలిన మచ్చలు, తగ్గని జ్వరము, పాలిపోవుట కనబడినచో అది క్యాన్సరే యని భయపడ నక్కరలేదు. కాని పసరు మందులతో కాలము గడపక, ఆనాడే రోగిని రక్తపరీక్షకు పెద్దాసుపత్రికి పంపవలెను. ఒక్క చుక్క రక్తము ఒక ప్రాణమును నిలుపవచ్చును.