కట్టుడు పండ్లు

త, థ, ద, ధ, న అను వర్ణములు దంత్యములని వ్యాకరణమున చదివియున్నాము. ఆ పేరెంత సార్థకమో పండ్లూడిన వృద్ధుని మాట వినినవారికి బోధపడును. నాలుక కొన ఆనవలసిన గోడ లేనందున వర్ణము జారిపోవును. కావున కట్టుడు పండ్లు ముసలితనమున సోకుకొరకు పెట్టుకొనునవని నవ్వుట తగదు. పోయిన యవయవము పనిని అవి చేయవలసియున్నది.

పెద్దవారి నోట 32 పండ్లుండును. విరిగిన పంటికి తొడుగు వేయుదురు. ఒకటి రెండు పోయినచో ఇరుప్రక్కల పండ్లను ఆధారముగా గొని వంతెన కట్టుదురు. స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్ 1965లో టైటానియమను లోహపు మరలను దవడ యెముకలో నాటి, వానిపై పండ్లు నిలిపెను. ఎముక ఆ లోహమును పరాయిదిగా నెంచక అతుకుకొనును. పద్ధతి మంచిదే కాని వ్యయమెక్కువ.

అన్ని పండ్లును పోయినవారికి సెట్టు తయారుచేయు విధము వినదగినది. మొదట చిగుళ్ల ముద్ర తీసి, ఆ ముద్రలో ప్లాస్టరు పోసి దవడ ప్రతిమను చేయుదురు. దానిపై మైనపు గట్టు నిలిపి, పండ్లు గ్రుచ్చి, రోగి నోట నుంచి వకార సకారములను పలికించి చూతురు. వకారము దంతోష్ఠ్యము గదా! మీది పండ్ల అంచు క్రింది పెదవికి సరిగా తగులనిచో పండ్లను మరల అమర్చుదురు. పిమ్మట మైనమును కరగించి, ఆ చోట ఆక్రిలికు ముద్దను కూరి, వేడినీట నుడికించి గట్టిపరచుదురు. ఈ ఆక్రిలికు 1937 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. అంతకు పూర్వము గట్టిపరచిన రబ్బరును, దానికి ముందు ఏనుగుదంతమును వాడిరి. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానినొకటి విడువనట్లే, పలుచని లాలాజలపు పొర మీది సెట్టును అంగిలికి పట్టియుంచును. క్రింది సెట్టునకు ఆ సదుపాయము తక్కువ. నాలుక దానిని కదపుచుండును.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను చెల్లును. మన ప్రాంతమునకు వేరొక కష్టము కలదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి పీల్చు వాడుక బహుకాలముగా నున్నది. దానిని అడ్డపొగ యందురు. గాలికి చుట్ట ఆరదని వారి సమాధానము. డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గ్ భారతీయ సహచరులతో కూడి శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించెను. వారిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ త్రాగువారే! నిప్పు వేడియు పొగయు తిన్నగా అంగిలికే తగులుటచే, లోకమున అరుదగు అంగిలి కాన్సరు ఇచ్చట అరుదు గాకపోయినది.

శస్త్రవైద్యుడు ఆ వ్యాధిని తొలగించునపుడు అంగిలిలో కొంత భాగమును, దానితో పండ్లును పోవును. నోటికిని ముక్కునకును నడుమ రంధ్రమేర్పడును. చోడి అంబలి త్రాగినచో ముక్కునుండి కారును. గాలి ముక్కులోనికి పోవుటచే “బావ” యనబోవగా “మావ” యని వినబడును. నలుగురిలో భుజించుటకు సిగ్గుపడి, మాటలాడుట మానుకొని, మూల కూర్చుండువారు కలరు. ప్రాణము దక్కినను బ్రతుకు దక్కనట్లే.

అట్టివారికి పండ్ల సెట్టుతోనే అంగిలి మూతను చేర్చి చేయుదురు. వైద్యులు దీనిని ఆబ్చురేటరందురు. 16వ శతాబ్దముననే ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే ఇట్టి మూతలను వర్ణించెను. నేడు శస్త్రచికిత్సకు ముందే ముద్ర తీసి, మొదటి పలకను సిద్ధపరచి, చికిత్స ముగియగనే అమర్చుదురు. గాయము మానుచు ఆకారము మారుటచే దానిని సరిచేయుచు, కొన్ని నెలలకు స్థిరమైన దానిని చేయుదురు. రంధ్రములో దూరు భాగమును బరువు తగ్గుటకై లోపల బోలుగా చేయుట ఇందలి నేర్పు. మూతను పెట్టిన వెంటనే మాట స్పష్టపడుట చూచినవారికి ఆశ్చర్యము గలుగును.

మిగిలిన పండ్లే ఈ పలకకు కొక్కెములు తగిలించు మేకులు. ఒక్క పన్నును లేనివారికి దానిని నిలుపుట మిక్కిలి కష్టము. కావున కదలని పంటిని “ఎట్లును ముసలితనమే” యని తీయించుకొనరాదు. పలకను భోజనానంతరము కడుగవలెను. వైద్యుడు తీయుమనిన వేళ చల్లని నీటిలో నుంచవలెను. మరుగునీటిలో వేసినచో వంకరపోవును.

శ్రీకాకుళమున శ్రీ సాయి దంతవైద్య కళాశాలయు, విశాఖపట్టణము చేరువ అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రియు కలవు. ఇంట అడ్డపొగ త్రాగు మామ్మ యున్నచో, ఆమెను వెలుతురున తల వెనుకకు వాల్చి నోరు తెరువుమని యడిగి చూడవచ్చును. అంగిలి తెల్లబారుట, అందు ఎఱ్ఱని మచ్చలు, రెండు వారములకును మానని పుండు, ఇవి వైద్యునికి వెంటనే చూపవలసినవి. ఆ దశలో చుట్ట మానుటయు, చిన్న చికిత్సయు చాలి, మూత అవసరమే పడకపోవచ్చును.