ఆటకు వేతనము

ఆటలు దేహమునకు బలమును, మనస్సునకు ఉల్లాసమును కలిగించునని మీరెరుగుదురు. ఆడినందుకు మనము ఎవ్వరిని జీతమడుగము. కాని ఒక విద్యార్థి ఆడు ఆటను చూచుటకు వేలకొలది జనులు టిక్కెట్లు కొని వచ్చినపుడు, ఆ సొమ్ములో అతనికి భాగముండవలదా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న చిరకాలముగా పెద్దలను వేధించుచున్నది.

ఆ దేశమున కళాశాలల నడుమ జరిగిన మొదటి పోటీ 1852వ సంవత్సరము నాటి పడవ పందెము. హార్వర్డు, యేల్ విద్యార్థులు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని ఒక సరస్సుపై పడవలు నడిపిరి. ఖర్చులు పెట్టినది ఒక రైలు కంపెనీ. పందెము చూడవచ్చు ప్రయాణికులవలన తనకు లాభము కలుగునని దాని ఆశ. ఆట పుట్టిననాడే దాని వెంట వ్యాపారమును పుట్టెను.

1906వ సంవత్సరమున అచ్చటి కళాశాలలు ఒక క్రీడాసంఘముగా ఏర్పడెను. ఎన్.సి.ఏ.ఏ. అని నేడు ప్రసిద్ధికెక్కినది ఆ సంఘమే. విద్యార్థి ఆటకై జీతము పుచ్చుకొనరాదనుట దాని ముఖ్య నియమము. ధనాశ చొరబడినచో చదువు వెనుకబడుననియు, సొమ్ముగల కళాశాలయే మంచి ఆటగాండ్రనందరిని చేజిక్కించుకొనుననియు పెద్దలు భయపడిరి. ఆ భయము అకారణమైనది కాదు.

అయినను నియమము కఠినమైనపుడు దెబ్బ తగులునది పేదవానికే. జిమ్ థార్ప్ అను ఆదివాసి యువకుడు పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాల విద్యార్థి. 1912లో స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో అతడు పెంటాథ్లాన్, డెకాథ్లాన్ అను రెండు పోటీలలో స్వర్ణపతకములు గెలిచెను. అంతకుముందు అతడు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి జీతము తీసికొనెనని మరుసటి యేట బయటపడెను. వెంటనే అతని పతకములను వెనుకకు తీసికొనిరి. 1953లో అతడు మరణించెను. 1982లో ఒలింపిక్ సంఘము అతనిని సహవిజేతగా అంగీకరించెను. ఏకైక విజేత అతడేయని ప్రకటించుటకు 2022 వరకు కాలము పట్టెను.

ఇంతకన్న విచారకరమైన ఉదంతము మరియొకటి కలదు. 1955లో కొలరాడో రాష్ట్రమున ఒక కళాశాల విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుచు తలకు దెబ్బ తగిలి మరణించెను. పనిలో మరణించిన కార్మికుని కుటుంబమునకు చెల్లు పరిహారమును తనకిప్పింపుడని అతని భార్య కోరెను. ఆటాడుట అతని ఉద్యోగము కాదని 1957లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆమె కోరికను త్రోసిపుచ్చెను.

కాలక్రమమున టెలివిజన్ వచ్చెను. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పోటీల ప్రసారమువలన కోట్లాది డాలర్లు రాజొచ్చెను. పెద్ద విశ్వవిద్యాలయములలో శిక్షకుల జీతములు ఏటికి లక్షల డాలర్లకు పెరిగెను. ఆటాడువానికి మాత్రము ఫీజు మినహాయింపును, భోజన వసతులును తప్ప వేరేమియు లేకుండెను. సొమ్మొకరిది, సోకొకరిది అను మన సామెత ఇచ్చటికి తగియున్నది.

అయితే రెండవ పక్షము వారి మాటయు వినవలెను. ధనము తెచ్చునవి ఒకటి రెండు ఆటలే. ఈత, పరుగు మొదలగు అనేక క్రీడలు ఆ రాబడిమీదనే బ్రతుకుచున్నవి. ధనమంతయు కొందరికే పంచినచో తక్కినవారి గతి యేమి? ఫీజు లేని చదువు మాత్రము స్వల్పమా? కళాశాల ఆటగాండ్రలో పెద్దయిన పిదప ఆటనే వృత్తిగా చేసికొనగలవారు బహుకొద్దిమంది. మిగిలినవారిని జీవితాంతము ఆదుకొనునది ఆ చదువే.

ఈ వాదములు తుదకు న్యాయస్థానములకెక్కెను. చదువునకు సంబంధించిన సహాయములపై సంఘము విధించిన పరిమితులు చెల్లవని 2021లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ యేడు జూలై 1 నుండి క్రీడాకారులు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ధనమార్జించుటకు సంఘము అనుమతించెను. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ప్రకారము విశ్వవిద్యాలయములే నేరుగా ధనమీయవచ్చును. మొదటి సంవత్సరమున ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు విధించిన హద్దు సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. అందులో స్త్రీల క్రీడలకు ఎంత భాగము రావలెనను వివాదము వెంటనే తలయెత్తెను.

కష్టించినవానికి ఫలములో భాగమీయుట న్యాయము. అయితే ఆ న్యాయమునకు ఒక వరుస కలదు. గాయపడినవానికి చికిత్స, పోషణ మొదట రావలెను. ఇత్తునన్న చదువును తుదివరకు ఇచ్చుట పిదప. రాబడిలో భాగము ఆ తరువాత. మొదటి రెంటిని మరచి మూడవదానిని మాత్రమిచ్చిన కళాశాల, విద్యార్థిని కూలివానిగా చేసినదగును. మూడింటిని ఎగవేసి, ఆట పవిత్రమైనదని పలుకు కళాశాల, అతనిని కూలిలేని కూలివానిగా చేసినదగును. ఈ రెండును విద్యాలయమునకు తగిన పనులు కావు.

ప్రశ్నలు

1. జిమ్ థార్ప్ పతకములను ఎందులకు వెనుకకు తీసికొనిరి? అది న్యాయమేనా?
2. కళాశాల క్రీడాకారులకు వేతనమీయరాదను వారి వాదములెవ్వి?
3. 1957 నాటి తీర్పును గూర్చి మీ అభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.