కీలులో పెరిగే స్ఫటికాలు

రాత్రి సుఖంగా భోంచేసి పడుకున్న మనిషి, తెల్లవారుజామున కాలి బొటనవేలు భగభగ మండుతుంటే ఉలిక్కిపడి లేస్తాడు. దెబ్బ తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు. అయినా వేలి మొదట్లో కీలు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కాలుతూ ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేడు. వారం పది రోజులకు, మందు వాడకపోయినా, నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది. మళ్ళీ కొన్ని నెలలకో, ఏడాదికో తిరిగి వస్తుంది. దీని పేరు గౌట్.

మన ఊళ్ళలో ఏ కీలు నొప్పెట్టినా "వాతం" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కాని వయసు మీదపడి మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, గౌట్ వేరు. కీళ్ళజబ్బులన్నిటిలోను కారణం ఇంత స్పష్టంగా తెలిసినది మరొకటి లేదనే చెప్పాలి. దాన్ని అర్థం చేసుకోవటానికి మీరు రసాయన శాస్త్రంలో చదివిన "సంతృప్త ద్రావణం" పాఠం చాలు.

మన శరీరంలో రోజూ లెక్కలేనన్ని కణాలు చనిపోతుంటాయి. వాటి కేంద్రకాల్లోని డి.ఎన్.ఎ. విడిపోయినప్పుడు ప్యూరిన్లు అనే పదార్థాలు బయటపడతాయి. ఇవి చివరకు యూరిక్ ఆమ్లంగా మారతాయి. తిండి నుంచి వచ్చే ప్యూరిన్లు మూడోవంతు మాత్రమే, మిగిలిన రెండు వంతులూ మన శరీరంలో తయారయ్యేవే. ఈ ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని మూత్రపిండాలు, కొంత భాగాన్ని పేగులు బయటకు పంపేస్తాయి.

గోడమీద కాకి వేసిన రెట్టను చూడండి. అందులో తెల్లగా సున్నంలా కనిపించేది యూరిక్ ఆమ్లమే. అది నీటిలో సరిగా కరగదు. అందుకే పక్షులు నీరు వృథా కాకుండా దాన్ని ముద్దగా విసర్జిస్తాయి. పక్షికి మేలు చేసే ఈ గుణమే మనకు చేటు. ఆవు, ఎలుక వంటి చాలా క్షీరదాల్లో యూరికేజ్ అనే ఎంజైము యూరిక్ ఆమ్లాన్ని తేలికగా కరిగే మరో పదార్థంగా మార్చేస్తుంది. మనుషుల్లో, చింపాంజీల వంటి వాలిడుల్లో ఆ ఎంజైము లేదు. కోట్ల ఏళ్ళ క్రితం మన పూర్వప్రాణుల్లోనే దాని జన్యువు చెడిపోయింది. ఆ చెడిన జన్యువును మనం ఇప్పటికీ మోస్తూనే ఉన్నాం!

ఇక లెక్క చూద్దాం. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో యూరిక్ ఆమ్లపు లవణం సుమారు 6.8 మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు. అంతకు మించితే అది అతిసంతృప్త ద్రావణం. ఉష్ణోగ్రత తగ్గితే ద్రావణీయత కూడా తగ్గుతుందని మీకు తెలుసు గదా. 30 డిగ్రీల దగ్గర అది సుమారు 4.5 మిల్లీగ్రాములే. శరీరంలో గుండెకు బాగా దూరంగా, చల్లగా ఉండే కీళ్ళు ఎక్కడున్నాయి? కాలివేళ్ళలో. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒత్తిడి పడే కీలు కూడా బొటనవేలిదే. చాలామందిలో గౌట్ మొదట అక్కడ పట్టుకోవటానికి, రాత్రిపూటే ఎక్కువగా రావటానికి ఇవి ముఖ్య కారణాలు. చెవిదొప్ప అంచు కూడా చల్లటి చోటే. పాత రోగులకు అక్కడా సుద్దలాంటి గడ్డలు కడతాయి.

దారం చుట్టూ కట్టిన కలకండను మీరు చూసే ఉంటారు. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే చక్కెర దానిమీద పలుకులుగా పేరుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండు వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ సరిగ్గా ఇలాంటి పనే రక్తంతో చేశాడు. గౌట్ రోగి రక్తద్రవాన్ని వెడల్పాటి గాజుపళ్ళెంలో పోసి, కొంచెం ఎసిటిక్ ఆమ్లం కలిపి, అందులో నారదారపు పోగు వేసి కదపకుండా ఉంచాడు. ఒకటి రెండు రోజుల్లో దారానికి యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు అంటుకున్నాయి. పెద్ద పరికరాలేవీ లేని ఆ రోజుల్లో, ఒక్క దారపు పోగుతో జబ్బు గుట్టు పట్టుకున్న ఈ ప్రయోగమంటే నాకు చాలా ఇష్టం.

అయితే స్ఫటికం కీలులో ఉన్నంత మాత్రాన నొప్పి రాదు. కొందరిలో అది ఏళ్ళ తరబడి కదలక మెదలక పడి ఉంటుంది. అసలు రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి గౌట్ ఎప్పుడూ రాదు. సూదుల్లాంటి ఆ స్ఫటికాలు కీలు ద్రవంలోకి ఊడిపడ్డప్పుడే గొడవ మొదలవుతుంది. తెల్ల రక్తకణాలు వాటిని సూక్ష్మజీవులనుకొని మింగుతాయి. మింగినదాన్ని అరిగించుకోలేక, వాపు పుట్టించే రసాయనాలను వెదజల్లి మరిన్ని కణాలను పిలుస్తాయి. మంట, ఎరుపు, పోటు అన్నీ ఈ పోరాటంవల్లే. 1962లో అమెరికాలో ఫెయిరెస్, మెకార్టీ అనే ఇద్దరు వైద్యులు సోడియం యూరేట్ స్ఫటికాలను తమ మోకాళ్ళలోకే ఎక్కించుకొని చూశారు. కొద్ది గంటల్లో ఇద్దరూ నొప్పితో విలవిలలాడారు. సందేహం తీరింది!

ఇక్కడే జనం పొరబడతారు. వారానికి నొప్పి పోగానే జబ్బు పోయిందనుకుంటారు. పోయింది పోరాటం, స్ఫటికం అక్కడే ఉంది. ద్రావణం అతిసంతృప్తంగా ఉన్నంతకాలం అది పెరుగుతూనే ఉంటుంది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఇలా వదిలేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి, ఎముక కొరుక్కుపోతుంది, మూత్రపిండాల్లో రాళ్ళు కూడా ఏర్పడవచ్చు. దుకాణంలో కొనుక్కునే నొప్పి బిళ్ళ వాపును తగ్గిస్తుందేగాని ఒక్క స్ఫటికాన్నీ కరిగించదు. పైగా అలాంటి బిళ్ళలు అదేపనిగా మింగితే మూత్రపిండాలే దెబ్బతింటాయి.

మరి కరిగించటం ఎలా? ద్రావణాన్ని అసంతృప్తం చేస్తే స్ఫటికం తనంతట తానే కరుగుతుంది. అందుకే వైద్యులు యూరిక్ ఆమ్లాన్ని 6 మిల్లీగ్రాములకు దిగువన ఉంచటానికి ప్రయత్నిస్తారు. ఆ అంకె 6.8కి తక్కువ, గమనించారా! అల్లోప్యూరినాల్ అనే మందు యూరిక్ ఆమ్లం తయారయ్యే ఎంజైమును అడ్డుకుంటుంది. దాన్ని రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు ఇలాంటి మందుల పరిశోధనకే 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయితే పాత నిల్వలు కరగటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మొదట్లో స్ఫటికాలు వదులై ఊడటంవల్ల నొప్పి మళ్ళీ రావచ్చు కూడా. "మందు పడలేదు" అని చాలామంది మానేసేది అప్పుడే. ఈ కరిగే లెక్క ముందే విడమరచి చెబితే అంతమంది మానెయ్యరని నా నమ్మకం.

పూర్వం దీన్ని రాజుల జబ్బు అనేవారు. మాంసం, మద్యం పుష్కలంగా ఉన్నవారికే వస్తుందని ఆ పేరు. అందులో కొంత నిజముంది. కార్జం, మాంసం, చేపలు, బీరు, చక్కెర కలిపిన శీతల పానీయాలు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. కాని వంశపారంపర్యం, మూత్రపిండాల పనితీరు అంతకంటె పెద్ద కారణాలు. కూలి చేసుకునేవారికీ గౌట్ వస్తుంది. ఈ జబ్బు అనగానే ఇంట్లో ముందు పప్పు మాన్పించేస్తారు. 2004లో అమెరికాలో 47 వేలమందికి పైగా పురుషులను 12 ఏళ్ళు గమనించి ప్రకటించిన పరిశోధనలో మాంసం, చేపలవల్ల గౌట్ పెరిగిందేగాని, ప్యూరిన్లు ఎక్కువగా ఉన్న పప్పులు, కూరగాయలవల్ల పెరగలేదు. పాలు, పెరుగు ఎక్కువగా తీసుకున్నవారిలో అది తక్కువగా కనిపించింది.

నొప్పి వచ్చినప్పుడు వాడే పాత మందు మరొకటి ఉంది, కాల్చిసిన్. యూరపులో ఒక పూలమొక్క దుంప నుంచి దీన్ని తీసేవారు. వానాకాలంలో కంచెలమీద పాకుతూ, ఎరుపు పసుపు మంటల్లాంటి రేకులతో పూసే మన అగ్నిశిఖలోనూ అదే పదార్థం ఉంది. కణాల లోపలి సన్నటి నాళికలను అది కట్టుకోనివ్వదు. దానితో తెల్ల రక్తకణాల కదలిక మందగిస్తుంది, వాపు తగ్గుతుంది. కణవిభజనను మధ్యలో ఆపి క్రోమోజోములను లెక్కించటానికి ప్రయోగశాలల్లో దీన్ని వాడేదీ ఈ గుణంవల్లే. అయితే మందయ్యే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ తేడా చాలా స్వల్పం. అగ్నిశిఖ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పువ్వును చూసి బొమ్మ గీసుకోండి, దుంపను మాత్రం నోటి దగ్గరకు రానివ్వకండి.